‘ఎమద్వాలేని’ పేరు కొట్టేశాం

1999 జూన్, మంగళవారం. పీటర్‌మారిట్జ్‌బర్గ్.

నాలుగేళ్ల కిందట మా భూగర్భ శాఖ గుర్తించిన ఓ ఇసుకరాతి పొరకు అక్కడి తెల్లదొర ఫారం పేరు పెడతామంటే, రాళ్ల పేర్లు ఖాయంచేసే కమిటీతో కొట్లాడి ‘ఎమద్వాలేని’ అని పెట్టించాను. మా ఆఫీసులో టీ పెట్టే అవ్వ, మేమంతా గోగో అని పిలిచే మనిషి, పుట్టిన ఊరది. వెనకటి తెల్లవాళ్ల ప్రభుత్వం నల్లజనాన్ని లారీలెక్కించి ఆ ఊరిని ఖాళీ చేయించింది. ఏ మ్యాపులోనూ లేని ఆ పేరు మా రాళ్ల జాబితాలోనైనా బతుకుతుందనుకున్నాను.

ఈ రోజు ఆ పేరు రద్దయింది. ఎవరిదైనా కుట్రయితే తిట్టిపోసేవాణ్ణి. కానీ నది అవతలి పొరా ఇదీ ఒకటేనని తేల్చినవి నా కొలతలే. ఒకే రాతికి రెండు పేర్లు కుదరవు, ముందు పెట్టిందే నిలవాలి. ఆ ముందుదీ ఓ దొర ఫారం పేరే! అయినా రద్దు కాగితం మీద సంతకం పెట్టాను.

గోగోకి చెప్పాను. కప్పులు కడుగుతూనే నవ్వింది.

"మళ్లీ ఖాళీ చేయించారన్నమాట! ఈసారి లారీ ఎవరు తోలారు బాబూ?"

"నేనే, గోగో."

"పోన్లే. నువ్వు తోలానని చెప్పావు, వాళ్లు అదీ చెప్పలేదు."

టీ ఇచ్చింది. రోజూ రెండు చెంచాల చక్కెర వేసే మనిషి, ఇవాళ వేయలేదు. మరిచిపోయిందా అని అడగకుండా తాగేశాను.