ఆపిల్ ఎర్రగానే ఉంటుంది

చిరంజీవి చిన్నతల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మ కులాసా. నీవూ అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. "అందరమూ క్షేమం" అనే వాక్యాన్ని ఈసారి కావాలనే వ్రాయలేదు. కారణం కింద వస్తుంది. తొందరపడి చివరి పుటకు పోవద్దు, వరుసగా చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా దగ్గు తగ్గింది. మేడగది కిటికీని వడ్రంగి వచ్చి బాగుచేశాడు. అది ఇప్పుడు చక్కగా మూసుకుంటుంది, తెరుచుకోవడం మాత్రం మానేసింది. మీ అమ్మ అతనికి మళ్లీ కబురు పెట్టింది. నీ ఉత్తరంలో "రికార్డులు విని రాయడం జరుగుతోంది" అన్నావు. ఆ పని దానంతట అదే జరుగుతోందా, నీవు చేస్తున్నావా? చేస్తున్నది నీవైతే "వ్రాస్తున్నాను" అను. ఊరందరి పిల్లలకూ బల్ల గుద్ది చెప్పిన మాట నా కూతురి దగ్గరే చెల్లకపోతే ఎవరితో చెప్పుకోను?

ఇక నీ పెద్ద ప్రశ్న. మీ పరిశోధనశాలలో ఇంగ్లీషు మాతృభాషగా గలవారిని ఒక్కొక్కరినే కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకొని ఆపిల్‌ను ఊహించుకోమంటారనీ, వాళ్లు చెప్పినదంతా పొల్లుపోకుండా నీవు టైపు చేస్తావనీ వ్రాశావు. ఒకరు "ఐ కెన్ సీ ఇట్" అంటారు. మరొకరు "ఇట్ వుడ్ బి రెడ్" అంటారు. ఇంకొకరు "దేర్ మైట్ బి ఎ లీఫ్" అంటారు. తమ తలలో ఉన్న పండు గురించి తమకే ఈ అనుమానాలేమిటని అడిగావు. మంచి ప్రశ్న. నా తరగతిలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

కెన్, వుడ్, మైట్ అనే సహాయక క్రియలు చూడటానికి చిన్నవే. కాని చెప్పేవాడు చెప్పే సంగతికి ఎంత దూరంలో నిలబడ్డాడో అవి పట్టిస్తాయి. "కెన్ సీ" అన్నవాడికి పండు ఎదుటనే ఉంది. తొడిమ ఎటు వంగిందని అడిగితే చూసి చెబుతాడు. "వుడ్ బి" అన్నవాడు చూడటం లేదు, లెక్కగడుతున్నాడు: ఆపిల్ కదా, ఎర్రగానే ఉంటుంది. "మైట్" అన్నవాడు ఇంకా తేల్చుకోలేదు; ఆకు ఉంటే ఉండవచ్చు, లేకుంటే లేదు. అయితే దీన్ని సూత్రంగా పట్టుకోకు. కళ్లకు కట్టినట్టు కనబడుతున్నా మర్యాదకు "వుడ్" వాడేవారు కొల్లలు. "ఐ వుడ్ ఇమాజిన్" అనేవాడు చాలాసార్లు ఏమీ ఊహించుకోడు. "నేననుకోవడం" అనడమే అది. ఎదుటివారి కష్టం విని "ఐ కాంట్ ఇమాజిన్" అంటే అది ఓదార్పు.

ఇక్కడితో ఆపి సంతకం చేయవలసింది. కాని ఉదాహరణను సరిచూసుకోకుండా పాఠం చెప్పే అలవాటు నాకు లేదు. నీ ఉత్తరం వచ్చిన రోజునే కుర్చీలో వెనక్కు వాలి, కళ్లు మూసుకొని, ఆపిల్‌ను తలచుకొన్నాను. ఎర్రగా ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, నున్నగా ఉంటుంది. అన్నీ చెప్పగలిగాను. ఒక్కటీ కనబడలేదు.

పండుదేముందిలే అనుకొని, వంటగదిలో గిన్నెలు సర్దుతున్న మీ అమ్మను తలచుకొన్నాను. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంటుంది. చెవి పైన జుట్టు నెరిసి ఉంటుంది. తల్లీ, ఇన్నేళ్లు కలిసి బ్రతికిన మనిషిని నేను లెక్కగట్టి చెబుతున్నాను.

నేను ఎప్పుడూ ఇలా లేను. ఇంట్లో జవాబు పత్రాలు దిద్దుతుంటే, చేతివ్రాత చూడగానే ఆ పిల్లవాడి మొహం కాగితం మీదికి వచ్చి కూర్చునేది. అలాంటివాడిని.

లేచి వంటగది గుమ్మం దాకా వెళ్లి మీ అమ్మను చూశాను. గుర్తుపట్టాను. ప్రాణం లేచివచ్చింది. కుర్చీ దగ్గరకు వచ్చి కళ్లు మూసుకొన్నాను; మళ్లీ ఏమీ లేదు. మళ్లీ వెళ్లాను. ఆ రోజంతా అదే పని. చివరకు ఆమె తిరిగి చూడకుండానే అంది: "ఏంటండీ, మాటిమాటికీ వచ్చి నా మొహం చూసి పోతున్నారు? పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడిలా."

నవ్వబోయాను. మళ్లీ కుర్చీ దగ్గరకే వచ్చాను.

నీకు చెప్పనిది ఒకటుంది. గత నెలలో ఒక ఉదయం స్నానాల గదిలో కళ్లు తిరిగి పడ్డాను. ఎంతసేపు పడి ఉన్నానో తెలియదు. నుదుటి దెబ్బ ఏమిటని మీ అమ్మ అడిగితే బీరువా తలుపు తగిలిందన్నాను. మతిపోయిన మాస్టారని వీధిలో అనిపించుకోవడం కన్నా బీరువా తలుపే నయమనుకొన్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే భయం. ఎదుట ఉన్నవారిని ఇప్పటికి గుర్తుపడుతున్నాను. ఆ తరువాత పోయేది అదేనా? ఉదయం మెలకువ వచ్చినా వెంటనే కళ్లు తెరవడానికి జంకుతున్నాను, పక్కన పడుకొన్నది ఎవరో తెలియకపోతే ఏం చేయాలని.

ఇవాళ మీ అమ్మకు అంతా చెప్పాను. స్టవ్ ఆపి నా ఎదురుగా కూర్చుంది. "బీరువా తలుపని నాతో అబద్ధమాడతారా?" అంది. ఆ తరువాత, "రేపు పెద్దాసుపత్రికి పోదాం. చొక్కా నేను తీసిపెడతాను. అక్కడ డాక్టరు భాష దిద్దుతూ కూర్చోకండి," అంది. చొక్కా మడత విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది. నేను చూడనట్టు ఉన్నాను.

ఆ ఆపిల్ పరీక్ష నడిపే మీ పరిశోధకురాలికి ఇలాంటివి తెలిసి ఉంటాయి, అడుగు. "ఎవరో ఒక వృద్ధుడు" అని అడగమని వ్రాసి కొట్టివేశాను. మా నాన్న అనే అడుగు.

వచ్చే నెల సెలవు దొరుకుతుందన్నావు. ఇంతకు ముందు నీవు వచ్చినప్పుడల్లా స్టేషను గేటు దగ్గర నిలబడి, నీ మొహాన్ని మనసులో పెట్టుకొని, దిగే జనంలో దాని కోసం వెదికేవాడిని. ఈసారి వెదకడానికి నా దగ్గర ఏమీ లేదు. నీ ఫోటో చూస్తాను. పక్కన పెట్టగానే పోతుంది. దగ్గరకు వస్తే గుర్తుపడతాననే నమ్మకం ఈ రోజుకు ఉంది. అయినా దూరం నుంచి చేయి ఊపి, నేను చూస్తానని నిలబడిపోకు. నేరుగా నా దగ్గరకు రా. నా కళ్లలోకి చూసే ముందే ఒకసారి "నాన్నా" అని పిలువు. నీ గొంతు తలచుకొంటే నాకింకా వినిపిస్తూనే ఉంది. ఈ మాట వ్రాసే ముందు కూడా ఒకసారి సరిచూసుకొన్నాను.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
నాన్న