అమ్మ కంచంలో రొట్టె

లారేడో, టెక్సస్
నవంబరు 9, 2014

ప్రియమైన యూఫేమియా అక్కకి,

చెల్లెలు ఒబ్దూలియా నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. సరిహద్దు అవతల మెక్సికోలో, సాల్తియోలో నువ్వూ, బావా చల్లగా ఉండాలని గ్వాదలూపే మాతను వేడుకుంటున్నాను. ఫోను చేస్తే ఎత్తవని తెలిసి ఉత్తరం రాస్తున్నాను.

మా చర్చి హాల్లో మంగళవారాలు షుగరు క్లాసు పెట్టారు. చెప్పేది డాక్టరు కాదు, మన మోంతెర్రే వైపు మనిషి సోకోర్రో. తనకీ షుగరే. మొదటిరోజు ఎవరింటి వంట వాళ్ళని తెమ్మంది. తిడుతుందేమోనని సగంమంది ఉత్త చేతులతో వచ్చారు. ఆమె మొక్కజొన్న రొట్టెలు మానమనలేదు. ఆరు తినేవాళ్ళని రెండుకి తగ్గించమంది, నాగజెముడు కూర ఎక్కువ వేసుకోమంది, మాత్రలు మాత్రం ఆపొద్దంది. తిన్నాక పాట పెట్టి హాలు చుట్టూ నడిపించింది.

ఎనభై ఏళ్ళ క్రెసెన్సియా, మా ఆయన పోయిన దడుపుకే నాకీ జబ్బు వచ్చిందమ్మా అంది. ఎవరూ నవ్వలేదు. సోకోర్రో పక్కన కూర్చుని ఆమె కథంతా విని, దడుపు సంగతి దేవుడికి చెప్పుకుందాం పెద్దమ్మా, షుగరు సంగతి ఈ సూది చూసుకుంటుంది, వేలు ఇలా తే అంది. ముసలామె నవ్వుతూ చెయ్యి చాపింది.

నాన్న లారీ బోల్తాపడిన కబురు విన్న రోజునుంచే తనకి షుగరని అమ్మ కూడా అనేది కదా. మనం కొట్టిపారేసేవాళ్ళం. బెంగతో అక్కడ కూర్చోలేక బయటి మెట్ల మీదికి వెళ్ళాను. ఆ చివరి ఏడాది నా ఇంట్లో అమ్మ రొట్టెల వాసన పీల్చి, డాక్టరు వద్దన్నాడని కంచం ముందునుంచి లేచిపోయేది. నువ్వొచ్చి చూసి, అమ్మ కడుపు మాడుస్తున్నావే, ఆ డాక్టరుకి తల్లి లేదా అని అరిచి వెళ్ళిపోయావు. ఆర్నెల్లకి అమ్మ పోయింది. సమాధి దగ్గర కూడా నావైపు చూడలేదు నువ్వు.

మూడేళ్ళయింది అక్కా. నీ గొంతు వినాలని ఉంది, తిట్టడానికైనా సరే.

నీ జాబు కోసం చూస్తుండే చెల్లెలు,
ఒబ్దూలియా

తా.క. ఆ డాక్టరుని ఇంక తిట్టకు. పూటకి రెండు రొట్టెలు తినొచ్చనే అన్నాడాయన. ఆయన ఇంగ్లీషుని అమ్మకి మన భాషలో చెప్పింది నేను. రెండంటే నాలుగు తింటుందని భయపడి, అసలు ముట్టుకోవద్దన్నాడని చెప్పాను. అమ్మ నా మాట నమ్మింది.