నీ తలవైపే స్టార్టు చేశాను

అన్నయ్యా,

మధ్యాహ్నం నిద్ర లేచాక షెడ్డులో మోటారు సైకిలు కనబడకపోతే కంగారు పడకు, నేనే తీసుకెళ్తున్నాను. నీ భజన వేళకి తెచ్చేస్తాను. నువ్వు ఎక్కేటప్పుడు మాత్రం పంచె పైకి ఎగ్గట్టుకో, కొత్త పొగగొట్టం బాగా వేడెక్కుతుంది.

పాంప్లెమూస్ గుడిలో ఈ బండి మోతకి భజన ఆగిపోయిందని అందరి ముందూ నన్ను తిట్టావు కదా! మిల్లులో పారేసిన గొట్టం తెచ్చి, లోపల చిల్లుల రేకులు మూడు బిగించాను. ఇందాక వరండా పక్కన, సరిగ్గా నీ తలవైపే స్టార్టు చేశాను. నువ్వు కదిలితే ఒట్టు! ఈ చీటీ రాస్తున్నప్పుడు కూడా ఇంజను నడుస్తూనే ఉంది, నీ గురకే పెద్దగా వినిపిస్తోంది. "పా పు మార్సే, ఇది నడవదు" అని నవ్విన మెకానిక్ మార్సెల్ చెవి పక్కనే దీన్ని నడిపి చూపించడానికే క్యూర్‌పైప్ ఊరికి వెళ్తున్నాను.

సింహాద్రి

మరిచాను. మలుపు దగ్గర బండి మోత వినబడగానే వదిన నీకు కంచం పెడుతుంది కదా. అందుకని గొట్టానికి చిన్న మూత పెట్టాను. మలుపు తిరిగేటప్పుడు మడమతో తన్నావంటే మూత తెరుచుకుని పాత గొంతుతో ఒక్క అరుపు అరుస్తుంది. ఆ కాస్త మోతా వదిన కోసం ఉంచాను.