మారెక్క కోసం చేసిన ప్రార్థన

నల్లమాడ,
మంగళవారం.

అమ్మకు,

ప్రభువు పేరిట నీ పెద్దకూతురి వందనాలు. ఇక్కడ నేను, నాయన, చెల్లెలు క్షేమం. బెంగళూరు హాస్టల్ వంటింట్లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. కాళ్ల వాపు గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు కాబట్టి అది తగ్గలేదనీ అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బోరు గంటసేపు నీళ్లు పోస్తుంది, ఆ తర్వాత గాలి. వేరుశనగ వేయాలా కంది వేయాలా అని నాయన రోజూ నన్ను అడుగుతాడు, చివరికి తనకు తోచిందే చేస్తాడు. గోరంట్లలో ప్రైవేటు బడివాళ్లు ఉద్యోగానికి పిలుస్తామన్నారు, పిలవలేదు.

ఇక మారెక్క. చర్చికి ఎందుకు రావడం లేదు, నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు అని మూడుసార్లు అడిగావు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది అబద్ధం. ఆమె రాకపోవడానికి కారణం నేను.

నువ్వు బెంగళూరు పోయేదాకా ఇరవై ఏళ్లు బైబిలు తెరిచి పట్టుకుని నీ పక్కన కూర్చున్న మారెక్కకు అక్షరాలు రావు. ఫిబ్రవరిలో ఒకరోజు మనింటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, "పాపా, నాకు చదివేది నేర్పిస్తావా? ఎవరికీ చెప్పాకు" అంది. నేర్పించాను. చురుకైన మనిషి. నెల తిరక్కముందే చిన్న మాటలు కూడబలుక్కుని చదివింది.

ఆ వారమే శుక్రవారం స్త్రీల కూడికలో పాస్టరమ్మ నన్ను ప్రార్థన చేయమంది. మోకరించి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నేను ధూళిని, ఏ యోగ్యతా లేనిదాన్ని. అయినా అక్షరం ముక్క రాని మా మారెక్కకు వెలుగు చూపడానికి ఈ దాసురాలిని వాడుకుంటున్నావు" అన్నాను. గొంతు కాస్త వణికించాను కూడా. అందరూ ఆమేన్ అన్నారు. "ఎంత తగ్గింపు, ఎంత వినయం ఈ పిల్లకు" అంది పాస్టరమ్మ. ఇంకోసారి అంటే బాగుండునని తల దించుకుని విన్నాను. తల ఎత్తేసరికి మారెక్క లేదు.

రెండు వారాలకు గానీ ఆమె ఇంటికి పోయే ధైర్యం రాలేదు. క్షమించమన్నాను. ఆదివారం అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటానన్నాను.

"మళ్లా నా పేరెత్తుతావా?" అంది. "నువ్వు ఎక్కి కూచునేకి నేను పీటనా? ఊరికే ఉండు పాపా."

"మరి ఏం చేయమంటావు?"

"చింతపండు కొట్టేకి రా. మనుషులు తక్కువుండారు."

పోయాను. ఆమె కూలికి పోయే షెడ్డులో, పండు నలగకుండా సుత్తితో కొట్టి గింజ తీయాలి. నా పక్కన కూర్చున్న ఆంజినమ్మ షెడ్డంతా వినేలా, "డిగ్రీ చదివిన సుత్తి చూడండప్పా, గింజను ఇడిసిపెట్టి చేతి ఏళ్లకే తగుల్తాంది" అంది. అందరూ నవ్వారు, మారెక్క కూడా. జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మొన్న ఆదివారం ప్రార్థన చేయమంటే వద్దన్నాను. "చదువుకున్నోళ్లకు గర్వం తొందరగా వస్తాది" అంది పాస్టరమ్మ, అందరి ముందే. కారణం చెప్పాలంటే మారెక్క పేరు చెప్పాలి. చెప్పలేదు. నిన్న షెడ్డులో మాత్రం ఆ సంగతి మారెక్కకు చెప్పాను. నేను నోరు మూసుకున్నానని ఆమెకైనా తెలియాలనిపించింది.

ఆమె సుత్తి ఆపలేదు. "ఎవురికీ చెప్పలేదంటివే, నాకెందుకు చెప్తాండావు?"

నేను ఇంకో పండు అందుకున్నాను. తనే మళ్లీ, "రేపు పొద్దున పుస్తకం తీసుకోని రా. ఒత్తులు ఇంకా రాలేదు నాకు" అంది.

ఈ పొద్దున పోయాను. చర్చికి వస్తుందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. జరిగిందంతా నీకు రాయవచ్చా అని మాత్రం అడిగాను.

"రాసుకో. నాకు చదివేది రాదని మీ యమ్మకు ఎప్పుడో తెలుసు" అంది. "వాక్యం యాడుండాదో నాకు కనపడేటట్ల, తన పుస్తకంలో ఏలు పెట్టుకోని కూచునేది. ఒక్కనాడూ అడగలా."

అమ్మా, ఇన్నేళ్లూ నేను మీ వెనక వరుసలోనే కూర్చున్నాను. నాకు కనబడలేదు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
అరుణజ్యోతి