నాలుగో తరగతి పట్టుకున్న అసలు సంగతి

కారివణె,
మంగళవారం.

ఆయీ,

నీ పాదాలకు దండం పెట్టి నీ కూతురు కుముద్ రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మా పెంకుల మీద వాన కూడా కులాసాగానే కురుస్తోంది. అక్కడ నువ్వూ, నీ ఖానావళీ, అందులో నీ తిట్లు నంజుకుంటూ భోంచేసే జనమూ క్షేమమని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పనస అప్పడాలు చేరాయి. సగం విరిగి చేరాయి, రుచికి లోటు లేదు. నీ అల్లుడి దగ్గు తగ్గింది. నీ కషాయం వల్లేనా అంటే, మళ్ళీ తాగాల్సి వస్తుందన్న భయం వల్ల అంటున్నారు. నేను చిక్కలేదు. నేను వచ్చినప్పుడు నా చీరకి కుచ్చిళ్ళు ఎన్ని తగ్గాయో చూస్తే నీకే తెలుస్తుంది.

బడిలో పిల్లలకి ఇప్పుడేం చెబుతున్నావని అడిగావు. అది చెప్పాలంటే కొంచెం పెద్ద కథే.

కిందటి నెల పెడ్నేకర్ సాహెబ్ తనిఖీకి వచ్చారు. నాలుగో తరగతి చేత కొబ్బరిచెట్టు పాఠం చదివించారు. పిల్లలు గడగడా చదివారు. నేను లోపల్లోపల పొంగిపోయాను. అప్పుడు ఆయన, "ఈ పాఠంలో అసలు సంగతి ఏమిట్రా?" అన్నారు. దిగంబర్ లేచి, "కొబ్బరిచెట్టెక్కితే పడతాం సార్" అన్నాడు. పాఠంలో ఎక్కడమూ లేదు, పడడమూ లేదు. వాడు కిందటి వారమే పడ్డాడు, అంతే. సాహెబ్ నా వైపు తిరిగి, "బాయీ, వీళ్ళకి చదవడం వచ్చు, ఏం చదివారో తెలీదు. నెలలోగా మళ్ళీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే పైకి రాయక తప్పదు" అన్నారు.

వారం రోజులు గొంతు చించుకున్నాను. పాఠమంతా దేని గురించి చెబుతోందో అదే అసలు సంగతి, దాన్ని నిలబెట్టేవి వివరాలు అని చెబితే తలలూపేవారు. అడిగితే మాత్రం పాఠంలో మొదటి వాక్యమో, తినే వస్తువు పేరో చెప్పేవారు. ఆఖరికి ఒకరోజు భోజనమయ్యాక కానాగంత చేప ముల్లును చెదరకుండా కడిగి, కాగితంలో చుట్టి బడికి పట్టుకెళ్ళాను. "ఇదిగో, ఈ నడిమి ముల్లు అసలు సంగతి. రెండు పక్కలా ఉన్న సన్నముళ్ళు వివరాలు. ప్రతి సన్నముల్లూ నడిమి ముల్లుకే అతుక్కుని ఉంటుంది. అతుక్కోనిదేదైనా కనిపిస్తే అది వేరే చేపది" అన్నాను. చేపలు తిని పెరిగిన పిల్లలు కదా, కళ్ళు మెరిశాయి. నేను నల్లబల్ల వైపు తిరిగానో లేదో, దిగంబర్ అరుపు: "బాయీ, అసలు సంగతిని పిల్లి ఎత్తుకుపోయింది!"

వివరాలతో సహా ఎత్తుకుపోయింది. కానీ పాఠం మాత్రం పిల్లల దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత వాళ్ళ నోటికి అడ్డు లేకుండా పోయింది. ఎవరేం మాట్లాడినా ముల్లు వెతుకుతున్నారు. పోయిన గురువారం సాహెబ్ రానే వచ్చారు. చదువు గొప్పతనం మీద అరగంట ఉపన్యసించి, "ఇప్పుడు చెప్పండి, నా మాటల్లో అసలు సంగతి ఏమిటి?" అన్నారు. సుగంధా పరబ్ లేచింది. ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది ఆ పిల్ల.

"సార్‌కి టీ కావాలి" అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. సాహెబ్, "నేనెప్పుడన్నానమ్మా ఆ మాట?" అన్నారు.

"అనలేదు సార్. తెల్లారకముందే బయల్దేరానని రెండుసార్లు చెప్పారు. కిందటి బడిలో వేడివేడి అటుకుల ఉప్మా పెట్టారన్నారు. మాట్లాడుతున్నంతసేపూ వంటపాక వైపే చూశారు."

సాహెబ్ చేతిరుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నారు. తర్వాత రెండు కప్పుల టీ తాగి, 'సంతృప్తికరం' అని రాసి వెళ్ళారు.

ఆయీ, ఇక్కడిదాకా నవ్వుకుంటూ విన్నావు కదా. అసలు చెప్పాల్సింది చెప్పలేక ఇంతసేపూ చుట్టూ తిరిగాను. నిలబడి ఉంటే కూర్చో. చేతిలో గరిటె ఉంటే పక్కన పెట్టు.

మర్నాడు శుక్రవారం, నీ కిందటి ఉత్తరాన్ని నల్లబల్ల మీద రాశాను.

పుస్తకంలో పాఠాలు అయిపోయాయి. పేరు రాయలేదు, ఎవరో ముసలావిడ, ఒక అజ్జి రాసిందని చెప్పాను. నీ ఉత్తరం చదివి ఇంట్లో మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం, పిల్లలూ నవ్వుతారనుకున్నాను. కరెంటువాళ్ళు ఈమధ్య పలచటి కరెంటు పంపుతున్నారనీ, పేపరువాళ్ళు పిసినారితనంతో చీమ తలకాయంత అక్షరాలు వేస్తున్నారనీ రాశావు. బస్సు బోర్డు అబద్ధమాడితే కుడాళ్‌కి బదులు సావంత్‌వాడీ చూసొచ్చానన్నావు. మేకని అదిలిస్తే అది ఎదురింటి గావ్కర్ భార్య అయిందనీ, ఆవిడ నల్లకంబళి కప్పుకోవడం ఆవిడ తప్పేననీ రాశావు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే, డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయని వాటి మీద నెపం వేశావు.

పిల్లలు పడీపడీ నవ్వారు. "అసలు సంగతి?" అన్నాను.

"ఆ అజ్జికి అందరి మీదా కోపం" అన్నాడు దిగంబర్.

"కాదు బాయీ" అంది సుగంధ. నవ్వనిది అదొక్కతే. "కరెంటు, పేపరు, బస్సు, మేక, డబ్బాలు, అన్నీ ఒక్కసారే ఎలా చెడిపోతాయి? అవేం చెడిపోలేదు. అజ్జికి కళ్ళు కనబడటం లేదు."

అది మళ్ళీ అంది: "మా అజ్జి కూడా కరెంటువాళ్ళనే తిట్టేది బాయీ. మేమూ నవ్వేవాళ్ళం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పోయింది."

సుద్దముక్క చేతిలోనే విరిగింది ఆయీ. పదహారేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా తల్లి ఉత్తరం నాకు చదవడం రాలేదు. ఇంటికొచ్చి నీ పాత ఉత్తరాలన్నీ తీశాను. ఆర్నెల్లుగా నీ వరసలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. కొత్త పెన్ను అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం మీ వీధి కిరాణా కొట్టుకి ఫోన్ చేశాను. నువ్వు చేపని చేత్తో తడిమీ, మనిషిని గొంతు వినీ గుర్తుపడుతున్నావని తెలిసింది. చెప్పింది నీకు వంటలో సాయముండే జానకీబాయి కాదు. నా ఉత్తరాలు నీకు చదివి వినిపిస్తున్నది ఆవిడేనని కూడా కొట్టువాళ్ళే చెప్పారు కాబట్టి, జానకీబాయీ, ఈ ముక్క దాటెయ్యకుండా చదువు, నా మీద ఒట్టు.

ఎందుకు దాచావో నాకు తెలుసు. ఖానావళి మూయించి నిన్ను మా ఇంట్లో మూల కూర్చోబెడతానని నీ భయం. దాన్నెవరూ మూయరు. మూసినా నువ్వు మా ఇంట్లో మూల కూర్చోవు, నా వంటకి వంకలు పెడతావు. ఆ బాధ నాకెందుకు? డాక్టరుతో మాట్లాడాను. శుక్లం అయుండొచ్చట, అయితే చిన్న ఆపరేషన్‌తో పోతుందట. సోమవారం పొద్దున్నే చూస్తానన్నారు. నాలుగు రోజులు సెలవు పెట్టాను. సెలవు చీటీలో కారణం రాస్తుంటే సుగంధ తొంగిచూసి, "ఆ అజ్జి మీ ఆయేనా బాయీ?" అంది. అవునన్నాను. "త్వరగా వెళ్ళండి" అంది.

శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బయల్దేరుతున్నాను. ఆకలితో వస్తాను. ఆ పూట వంట నాది. నువ్వు పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చో, ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు.

ఇట్లు,
ఆలస్యంగా కళ్ళు తెరిచిన నీ కూతురు,
కుముద్