నారింజ తోటలో ఎర్మెలిందా ప్రాణం

సాచపంపా,
జూన్ 2

చెల్లి ఎర్మెలిందాకు,

ముందు అందరి ఒంట్లో ఎలా ఉందో రాయి, నేను భయపడే పని తరువాత చూసుకుంటాను. నీ కూతురు యెసేనియాకు తలనొప్పి తగ్గిందా? అల్లుడు ఎడ్విన్‌కు కడుపుబ్బరం ఎలా ఉంది? రాత్రిపూట వేపిన చేప తినొద్దని చెప్పానని చెప్పు. మీ పిల్లి కుంటుతోందన్నావు, ఇంకా కుంటుతోందా? నీ మోకాళ్ళు, నీ పళ్ళు, నీ నిద్ర? వరసగా రాయి. ఏది వదిలేస్తే అదే చెడిందనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. ఎడమచెవిలో హోరు, గుండెలో దడ, గాడిదకు దగ్గు. అంతకు మించి ఏమీ లేదు.

నీ భుజం సంగతి అడగాలంటే భయమేసి చివరికి ఉంచాను. మన ఊరి కొట్టు మాక్సిమాకు యెసేనియా ఫోను చేసిందట. నీ భుజానికి పెద్దాసుపత్రిలో వైద్యం చేస్తున్నారట. కళ్ళకు నల్లపెట్టె కట్టి కుర్చీలో కూర్చోబెడితే, నువ్వు గాలిలో చేతులు ఆడిస్తున్నావట! నొప్పి భుజానికైతే కళ్ళు ఎందుకు కట్టారే? చూపు పోయిందా? నా దగ్గర దాస్తున్నారా? "గుడ్డిదైతే నీ ఉత్తరం ఎలా చదువుతుంది?" అని మాక్సిమా అడిగింది. దానికి ప్రతిదీ వెటకారమే.

నీ బెంగతో కునుకు లేని అక్క,
సతుర్నీనా

తా.క. బస్సు డ్రైవరు చేత చీజు పంపుతున్నాను. చూపు లేకపోతే వాసన చూసి పోల్చుకో. సబ్బనుకొని ముఖానికి రాసుకునేవు.

*

లీమా,
జూన్ 9

అక్కా,

కళ్ళున్నాయి. నీ చీజును కళ్ళారా చూశాను. తిన్న తరువాత కూడా అది సబ్బో చీజో తేలలేదు గానీ పంపినందుకు సంతోషం.

వరసగా చెబుతాను. యెసేనియా తలనొప్పి తగ్గింది, ఇప్పుడు అది నాకు తలనొప్పి. ఎడ్విన్ చేప మానలేదు. పిల్లి చీజు చూసి కుంటకుండా పరుగెత్తింది. నా మోకాళ్ళు, పళ్ళు, నిద్ర, ఎవరి స్థానంలో వాళ్ళున్నారు. చెడింది కుడిభుజం ఒక్కటే. ఇన్నేళ్ళూ సంతలో కొట్టు ఇనుప తలుపు పైకి లేపీ లేపీ, బంగాళాదుంప బస్తాలు మోసీ మోసీ, ఇప్పుడు చెయ్యి రొమ్ము దాటి పైకి రాదు. తలుపు సంగతి ఎడ్విన్ చూసుకుంటున్నాడు. నా ఏడుపంతా జడల కోసమే. నా రెండు జడలు నేను వేసుకోలేకపోతున్నాను అక్కా. యెసేనియా వేస్తుంది, వేస్తూ సణుగుతుంది. "రోజూ నా పనికి ఆలస్యమవుతోందమ్మా. జులై చివర స్వాతంత్ర్య పండగల్లోపు చెయ్యి లేస్తే సరే, లేకపోతే పొట్టిగా కత్తిరించేద్దాం, హాయిగా ఉంటుంది" అంటుంది. దానికి హాయి. అద్దంలో ఈ జడల మధ్య అమ్మ ముఖం కనబడుతుంది నాకు. అవి పోతే ఎవరి ముఖం చూసుకోను?

అందుకే ఆ పెట్టె. వర్చువల్ రియాలిటీ అంటారట. డాక్టరు విల్మెర్ అని బట్టతల పెద్దమనిషి, నెమ్మదస్తుడు. "భుజం చాలావరకు నయమైందమ్మా. చెయ్యెత్తితే మళ్ళీ ఏదో తెగిపోతుందని మీ బుర్ర కాపలా కాస్తోంది. కాపలావాణ్ణి కాసేపు ఏమార్చాలి" అన్నాడు. పెట్టె కళ్ళకు పెట్టగానే ఆసుపత్రి మాయమైపోయింది! సముద్రం ఒడ్డున నారింజ తోట. ఎండ, కొమ్మల నిండా పళ్ళు. కొయ్యడం, బుట్టలో వేయడం, అంతే నా పని. పళ్ళ మీద ధ్యాసలో చెయ్యి సంగతే మరిచిపోయాను. పెట్టె తీశాక "చెయ్యి చెంప దాకా లేచింది" అన్నాడు. "వయసులో పెద్దదాన్ని, నాతో అబద్ధాలాడకు నాయనా" అన్నాను.

నీ కళ్ళున్న చెల్లెలు,
ఎర్మెలిందా

తా.క. మొదటిరోజు ఒక పెద్ద పండు ఎంత లాగినా ఊడి రాలేదు. అది పండు కాదు, డాక్టరు విల్మెర్ ముక్కు.

*

సాచపంపా,
జూన్ 18

చెల్లీ,

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గరే కూలబడ్డాను. ఎంత పని చేశావే! నీ ఒళ్ళు లీమాలో కుర్చీలో ఉంటే సముద్రం ఒడ్డుకు వెళ్ళిందెవరు? నీ ప్రాణం! చిన్నప్పుడు వాగులో జారి భయపడితే నీ ప్రాణం నీళ్ళ దగ్గరే ఉండిపోయింది, గుర్తులేదా? తిండి లేదు, నిద్ర లేదు, గోడకేసి చూస్తూ కూర్చునేదానివి. అమ్మ వాగు దాకా వెళ్ళి నీ టోపీ ఊపుతూ, "ఎర్మెలిందా, రా, అక్కడ ఉండిపోకు, ఇంటికి పోదాం" అని పిలిస్తే గదా తిరిగొచ్చింది!

ఆ డాక్టరు నిన్ను తోటలోకి పంపుతున్నాడు సరే, తిరిగి పిలుస్తున్నాడా? పంపడమే గాని పిలవడం చదువుకోలేదు కాబోలు. ఇకనుంచి పెట్టె తీయగానే, కుర్చీలోంచి లేవకముందే, నీ పేరు నువ్వే గట్టిగా పిలుచుకో. సిగ్గుపడకు.

ఇక్కడ నా వంతు నేను చేస్తున్నాను. ఇంట్లో బట్టల ట్రంకులో నీ పాత ఎర్ర పావడా ఉంది. ఎలుకల కంపు కొడుతోంది. ఆ కంపుకు ఏ ప్రాణం దగ్గరికొస్తుంది? ఏటికి తీసుకెళ్ళి శుభ్రంగా ఉతికి ఆరేశాను. రోజూ పొద్దుగూకే వేళ కొండెక్కి, లీమా వైపు తిరిగి, ఆ పావడా ఊపుతూ గొంతు పగిలేలా నిన్ను పిలుస్తున్నాను. ఏడుపు కూడా వస్తోంది. దాన్ని ఆపడం లేదు, దూరం వినబడుతుందని.

నిన్ను తోటలో వదలని అక్క,
సతుర్నీనా

తా.క. ఊళ్ళో వాళ్ళంతా ఈ మధ్య ఎందుకో మహా మంచివాళ్ళయిపోయారు. మాక్సిమా రొట్టెలు, కొవ్వొత్తులు తెచ్చి నన్ను కావిలించుకొని ఏడ్చింది. గొర్రెల తగాదాతో మాటలు మానేసిన వాళ్ళు కూడా నమలడానికి కోకా ఆకు తెచ్చి ఇచ్చారు. నా ముఖం అంత పాలిపోయిందేమో.

*

లీమా,
జులై 3

అక్కా,

నేను చచ్చిపోయానట. నాకు ఎవరూ చెప్పలేదు.

మొన్న యెసేనియా ఫోను మోగితే నేనే తీశాను. అవతల మాక్సిమా.

"యెసేనియా, తల్లీ, ధైర్యంగా ఉండమ్మా. మీ అమ్మ మహాతల్లి."

"ఎప్పుడూ ఈ మాట నా మొహాన అనలేదేం మాక్సిమా? నేనే, ఎర్మెలిందాని."

మాక్సిమా చిన్నగొంతుతో, "అక్కడ చలిగా ఉందా ఎర్మెలిందా?" అంది.

"లీమాలో ఈ నెలలో ఎప్పుడూ ఉండేదే" అన్నాను. ఫోను కింద పడిన చప్పుడైంది.

ఒసే అక్కా, పోయినవాళ్ళ బట్టలు అయిదో రోజున ఏట్లో ఉతుకుతారని నీకు తెలియదా? ఊళ్ళో ఎందరివి నువ్వే దగ్గరుండి ఉతికించావు! నా పావడా ఏట్లో ఉతికి, సాయంత్రం కొండమీద నా పేరు పెట్టి ఏడిస్తే ఊరు ఏమనుకుంటుంది, చలవబట్టలనుకుంటుందా?

నీ మాట మాత్రం విన్నాను. పెట్టె తీయగానే "ఎర్మెలిందా, రా, ఇంటికి పోదాం" అని అరిచాను. డాక్టరు అడిగితే చెప్పాను. నవ్వలేదు. వాళ్ళ అమ్మమ్మది కూడా కొండల ఊరేనట. "ఆ లోకంలోంచి వచ్చాక కాసేపు తికమకగా ఉంటుంది. పేరు పిలవడం మంచిదే" అన్నాడు. ఇప్పుడు ఆ గదిలో అందరూ ఎవరి పేరు వాళ్ళు పిలుచుకుంటున్నారు. సంతలాగే ఉంది.

ఇక నవ్వులు చాలు. పెట్టెలో ఉన్నప్పుడు చెయ్యి నెత్తి దాకా లేస్తోంది. డాక్టరు కొలిచి చూపించాడు, అబద్ధం కాదు. పెట్టె తీసి ఇంటికొచ్చి దువ్వెన పట్టుకుంటే మళ్ళీ రొమ్ము దగ్గరే ఆగిపోతోంది. అక్కడ కోసిన నారింజలు ఇక్కడ ఒక్క జడకు పనికిరావడం లేదు. పండగలు దగ్గర పడ్డాయి. యెసేనియా కత్తెరకు సాన పట్టించి తెచ్చింది. నాకు భయంగా ఉంది అక్కా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బతికే ఉన్న నీ చెల్లెలు,
ఎర్మెలిందా

తా.క. మెడనొప్పితో వచ్చే టాక్సీ డ్రైవరొకాయన పెట్టె తీయగానే తికమకలో తన పేరు బదులు ఎవరో రోక్సానా పేరు పిలిచాడు. బయట కూర్చున్న భార్య పేరు అది కాదు. ఇప్పుడాయనకు మెడతో పాటు వీపు కూడా నొప్పిగా ఉందట.

*

సాచపంపా,
జులై 12

చెల్లీ,

అయిదో రోజు మాట తట్టనే లేదు. నీ ప్రాణం తెచ్చే తొందరలో నీ ప్రాణం తీశాను. ఇంటింటికీ తిరిగి "మా చెల్లెలు బతికే ఉంది" అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "పాపం, దుఃఖంలో అలాగే ఉంటుంది, రొట్టె తిను" అని మళ్ళీ రొట్టె ఇస్తున్నారు. ఇల్లంతా రొట్టెలే.

ఇంతకంటే ఘోరం ఉంది. లీమాలో మన సాచపంపా వాళ్ళ సంఘం ఉంది గదా, వాళ్ళు వచ్చే ఆదివారం పూలచక్రంతో మీ ఇంటికి వస్తున్నారట. ఆపించమని బస్సు డ్రైవరు కాళ్ళు పట్టుకోబోయాను. "పూలచక్రం నేనే దింపి వచ్చానమ్మా" అన్నాడు.

నీ చెయ్యి గురించి రాత్రంతా ఆలోచించాను. నేను బడిలో ఎక్కువ రోజులు లేను, తప్పయితే డాక్టరును అడుగు. చెడిపోయిన చెయ్యి అయితే తోటలో కూడా లేవకూడదు గదా? అక్కడ లేచిందంటే చెయ్యి బాగుంది. బయట గుమ్మం దగ్గర భయం నీ కోసం కాచుకొని కూర్చుంది. దాని సంగతి నన్నడుగు, పుట్టినప్పటినుంచి దానితోనే కాపురం చేస్తున్నాను. తీరిగ్గా ఉన్నప్పుడే అది మాటలు కలుపుతుంది. గాడిద చేనులో పడిందని పరుగెత్తేటప్పుడు నాకు ఏ దడా రాదు, తిరిగొచ్చి కూర్చున్నాకే వస్తుంది. నువ్వు దువ్వెన పట్టుకొని దాని ముఖం చూస్తూ నిలబడుతున్నావు. దానికి తీరిక ఇవ్వకే.

జడలు కత్తిరించనివ్వకు. అమ్మ ముఖం నాకు అద్దంలో కనబడదు. నీ ముఖంలోనే చూసుకోవాలి.

తప్పులన్నీ తనవే అయిన నీ అక్క,
సతుర్నీనా

తా.క. వాళ్ళొచ్చినప్పుడు తలుపు చటుక్కున తీయకు. సంఘం పెద్ద తెయోఫిలోకు గుండె మంచిది కాదు.

*

లీమా,
జులై 22

అక్కా,

చటుక్కునే తీశాను.

ఆదివారం పొద్దున వాకిట్లో గుసగుసలు వినబడ్డాయి. తీసి చూస్తే సంఘమంతా నల్లబట్టల్లో ఉన్నారు. నా గుమ్మం మీద, పైన, పెద్ద నల్ల రిబ్బను కట్టేశారు! ఒళ్ళు మండిపోయింది. "ఎవరయ్యా నా గుమ్మానికి పీడ కట్టింది? కొట్టు తెరిచే వేళకు నా వాకిట్లో చావు కబురా?" అని ఒక్క గుంజు గుంజి పీకి వాళ్ళ మీదికి విసిరాను. అందరూ గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. తెయోఫిలో వెనక్కి అడుగేసి పూలచక్రం మీద కూర్చుండిపోయాడు. గుండెకేమీ కాలేదు, పూలే నలిగాయి.

యెసేనియా వెనకనుంచి, "అమ్మా, ఏ చేత్తో పీకావు?" అంది.

చూసుకున్నాను. కుడిచేత్తో. నెత్తి దాటి, గుమ్మం పైదాకా.

సాయంత్రం ఒక్కదాన్నే తలుపేసుకొని దువ్వెన పట్టాను. చెమట పట్టింది, నొప్పీ ఉంది, కానీ ఆపే నొప్పి కాదు, బస్తా దించాక ఉండే నొప్పి. మధ్యలో సంతలో ధరలు పైకి చదువుకున్నాను, భయానికి తీరిక లేకుండా. ఒక జడ నిటారుగా వచ్చింది, రెండోది పందితోకలా వచ్చింది. రెండూ నేను వేసినవే. యెసేనియా రెండూ చూసింది. తరువాత కత్తెర తీసుకెళ్ళి వంటింట్లో ఉల్లికాడలకు పెట్టింది.

డాక్టరు విల్మెర్‌కు చెబితే, "ఇన్ని వారాలూ పని చేసింది నారింజలు, పేరు కొట్టేసింది రిబ్బను" అన్నాడు. ఇంకా కొన్నాళ్ళు రమ్మన్నాడు. వెళతాను. ఆ తోటంటే ఇష్టంగానే ఉంది.

తన జడలు తనే వేసుకున్న నీ చెల్లెలు,
ఎర్మెలిందా

తా.క. వచ్చినవాళ్ళను ఊరికే పంపడమెందుకని అందరికీ భోజనం పెట్టాను. ఇంత రుచైన చావుభోజనం ఎక్కడా తినలేదన్నారు. ఎక్కడ తింటారు, పోయినమనిషి వండిపెట్టడం ఎక్కడైనా ఉందా?

*

సాచపంపా,
ఆగస్టు 11

చెల్లీ,

ఈ కోడిగీతలు చూసి కంగారుపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి లేవడం లేదు.

అంతా ఆ పావడా వల్లనే. మన ఉన్ని పావడా ఎంత బరువో తెలుసుగా. నువ్వు రాసిన జడల ఉత్తరం వచ్చేదాకా ఒక్క సాయంత్రం మానకుండా కొండమీద ఊపాను, ఎందుకైనా మంచిదని గాలివానలో కూడా. నీ ప్రాణం వచ్చింది, నా భుజం పోయింది. ఇప్పుడు చెయ్యి రొమ్ము దాటి పైకి రాదు. నా జడలు మాక్సిమా వేస్తోంది. ఊరి కబుర్లన్నీ అయ్యేదాకా ముడి వేయదు.

చెల్లీ, ఆ పెట్టెలో నాకు చోటుందా? నేను బస్సెక్కి ఎరగనని తెలుసు నీకు. కొండ మలుపులంటే భయం, డ్రైవరు నిద్రపోతాడని భయం, లీమాలో దిగగానే మూట ఎత్తుకుపోతారని భయం. అయినా వస్తాను. నీ చెయ్యి లేచింది గదా, నాదెందుకు లేవదు? నువ్వు లోపలికి వెళ్ళి బయటికొచ్చిన దారే గదా.

డాక్టరుకు ముందే చెప్పు. నాకు సముద్రం వద్దు, కళ్ళు తిరుగుతాయి. బంగాళాదుంప చేను పెట్టమందామనుకున్నాను, కానీ అవి నేలలో ఉంటాయి, చెయ్యేమో పైకెత్తాలి. అందుకని అటకమీద చీజు పెట్టమను. దానికోసం ఎత్తుతాను. నేను లోపల ఉన్నంతసేపూ నువ్వు పక్కనే నిలబడు. బయటికి రాగానే గట్టిగా పేరు పిలువు, ఎవరు నవ్వినా సరే. తరువాత నన్ను నీ ముందు కూర్చోబెట్టుకొని జడలు వెయ్యి. పందితోకలా వచ్చినా ఏమీ అనను.

బయలుదేరక ముందే వణుకుతున్న అక్క,
సతుర్నీనా

తా.క. ఈసారి ఎవరికీ ఏమీ అనుమానం రాకుండా, లీమా వెళుతున్నానని ఊరంతటికీ చెప్పి, చర్చిలో కూడా చెప్పించి, అప్పుడు బట్టలు ఉతుక్కున్నాను, అదీ ఇంట్లో తొట్టిలో. టికెట్టు కొనేశాను, ఇక వెనక్కి తీసుకోరట. ఆగస్టు ముప్పై, శాంతా రోసా పండగ రోజు తెల్లవారేసరికి మీ లీమాలో దిగుతున్నాను.