రామయ్య ఇంటి కడప

శుక్రవారం రాత్రి, లింగాల ఘనపూర్

ఈ రోజు పటేల్ తనే మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ కబురు పెట్టి పిలిపించుకునే మనిషి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి మరీ తాగాడు. అనుమానం అక్కడే మొదలైంది నాకు.

"నీ పెనిమిటి మిల్ట్రీల ఉన్నడు గద బిడ్డా. గసొంటోళ్లకు ఇల్లు కొనెటందుకు సర్కారు అప్పిస్తదట. రామయ్య ఇల్లు తీసుకోరాదు? కాయితాలు నేను జేపిస్త" అన్నాడు.

రామయ్య సంఘంలో చేరి అడవికి పోయి ఏడాది అవుతోంది. అతని భార్య లచ్చమ్మ బచ్చన్నపేటలో తల్లిగారింట్లో ఉందని ఊరంతా అనుకుంటోంది. వాళ్ల ఇల్లు అమ్మడానికి ఈయనెవరు?

"అమ్మెటోళ్లు ఎవలు పటేలా?" అన్నాను.

"గదంత నీకెందుకు? ముందుగాల జర ఇల్లు జూడు" అంటూ తాళంచెవి తీశాడు.

ఆయన దారిలో ఎవరితోనో మాట్లాడుతూ ఆగాడు. నేనే ముందు చేరాను. తలుపుకు తుప్పు పట్టిన తాళం. కడపకు మాత్రం పసుపు, ఇంకా తడి కూడా ఆరలేదు! పెనిమిటి బతికుండగా శుక్రవారం పూట కడప బోసిగా ఉండకూడదని లచ్చమ్మ ఎవరి కంటా పడకుండా వచ్చి పోతోందన్నమాట. పటేల్ వచ్చేలోపు వంగి, దుమ్ము దులుపుతున్నట్టు కొంగుతో తుడిచేశాను.

మమ్మల్ని అందులో పెడితే, రాత్రిళ్లు వచ్చి పోయేవాళ్లు మా వల్లనే పోలీసులకు దొరికిపోతారనా ఇంత ప్రేమ? ఈ సంగతి మిల్ట్రీలో ఉన్న మా ఆయనకు ఉత్తరంలో ఎట్లా రాయను, మధ్యలో విప్పి చదివే వాళ్లుంటే?

తిరిగి వస్తుంటే పటేల్ నవ్వాడు. "వచ్చే శుక్రారం కడపకు పసుపు నువ్వే పెట్టాలె బిడ్డా."

నేను పసుపు మాట ఎత్తనే లేదు.